కొరియాలో మూడు మజిలీలు: సానియా మీర్జా ఆటజీవితము

ఆడుపిల్లలకు ఆట లేని యూరు మన దేశమునందు లేదు. హైదరాబాదు నగరమునకు ఉత్తరముగా నున్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములనే తీసికొనుడు. ఆరేడేండ్ల బాలికలు వాకిటిలో గీతలు గీసికొని తొక్కుడుబిళ్ల ఆడుదురు. అరుగుమీద కూర్చుండి గచ్చకాయలు ఎగురవేయుదురు. బతుకమ్మ నాళ్లలో పెద్దలతోబాటు వలయముగా తిరుగుచు చప్పట్లు చరతురు. పరుగునందు తమ యీడు మగపిల్లలకు ఏమాత్రమును తీసిపోరు. కాని పండ్రెండు, పదుమూడేండ్లు వచ్చునప్పటికి ఆ పరుగు ఆగిపోవును.

దానిని ఆపినదెవరు? గట్టిగా వద్దని చెప్పువారు అరుదు. "ఇంక పెద్దదానవైతివి" అను ఒక్క మాట చాలును. చదువు, ఇంటిపని, ఎండలో మేనిచాయ తగ్గునను భయము, ఇరుగుపొరుగువారి చూపు, ఇవన్నియు ఆ ఒక్క మాటలో ఇమిడియున్నవి. మేడ్చల్ నాగపూరు రహదారిమీదను, శామీర్‌పేట కరీంనగరు రహదారిమీదను ఉన్నవి. నేడు ఔటర్ రింగు రోడ్డు ఆ రెంటిని కలుపుచున్నది. ఒకనాటి పొలముల ప్రక్కన కళాశాలలు, మందుల పరిశోధనాలయములు లేచినవి. ఊళ్ల రూపము మారినను ఆ మాట మాత్రము పెక్కు ఇండ్లలో మారలేదు.

ఆ హైదరాబాదు నగరమునందే పెరిగి, పదుమూడేండ్లకు ఆగిపోవలసిన ఆటను ముప్పదియారవ యేటివరకును సాగించిన ఒక స్త్రీ చరిత్రమును మన సోదరీమణులకు చెప్పుట ఈ వ్యాసము ఉద్దేశము. ఆమె సానియా మీర్జా. ఆమె గెలిచిన పందెములను అందరును ఎరుగుదురు. ఆమె ఎప్పుడు ఏ ఆటను విడిచెనో, ఎందుకు విడిచెనో, విడిచిన తరువాత ఏమి చేసెనో ఎరిగినవారు తక్కువ. మనకు పనికివచ్చు పాఠము అందులోనే ఉన్నది. ఆమె సుదీర్ఘమైన ఆటజీవితమును కొరియాదేశమున జరిగిన మూడు పోటీల మీదుగా చూచినచో అది సులభముగా బోధపడును. మొదటిది 2002లో బుసాన్ రేవుపట్టణమున, రెండవది 2006లో రాజధాని సియోల్‌లో, మూడవది 2014లో ఇంచియాన్ నగరమున జరిగినవి. మొదటిదానిలో ఆమె బాలిక. రెండవదానిలో ఒంటరిగా పోరాడిన యువతి. మూడవదానిలో జంట ఆటలో ఆరితేరిన ప్రౌఢ.

పేడతో అలికిన కోర్టు

సానియా 1986వ సంవత్సరము నవంబరు 15వ తేదీన బొంబాయిలో జన్మించి, హైదరాబాదులో పెరిగెను. తండ్రి ఇమ్రాన్ మీర్జా గారు, తల్లి నసీమా గారు. నస్ర్ పాఠశాలలో చదువుచుండగా, ఆరేండ్ల ప్రాయమున తల్లి ఆమెను వెంటబెట్టుకొని నిజాం క్లబ్బునందలి టెన్నిస్ కోర్టునకు వెళ్లెను. బిడ్డ మరీ చిన్నదని అచ్చటి శిక్షకుడు చేర్చుకొనుటకు నిరాకరించెను. తల్లి వాదించి, ఒప్పించినగాని కదలలేదు. ఈ విషయమును సానియా 2023లో ఆటనుండి విరమించునప్పుడు తానే తలచుకొన్నది. ఆమె చరిత్రమునందలి తొలి గెలుపు ఏ పోటీలోను కాదు, ఒక తల్లి మాట నెగ్గిన ఆ దినముననే అని మనము చెప్పవచ్చును.

ఆనాడు ఆమె ఆడిన కోర్టులు నేడు టెలివిజనులో కనబడు నీలిరంగు నేలలు కావు. తాను పేడతో అలికిన కోర్టులమీద ఆట నేర్చితినని ఆమె అనేక పర్యాయములు చెప్పియున్నది. పేడ కళ్లాపి చల్లి, అలికి, ముగ్గు పెట్టుట ఎరిగిన మన స్త్రీలకు ఆ నేల ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. పేడ అలికిన నేలమీద సున్నపు గీతలు గీచి, నడుమ వల కట్టినచో అది టెన్నిస్ కోర్టు.

మహేశ్ భూపతి తండ్రి సి.జి.కె. భూపతి గారు ఆమె తొలి గురువులలో ఒకరు. తరువాత తండ్రియే ముఖ్య శిక్షకులైరి. దూరదేశములకు పోవలసివచ్చినప్పుడు తల్లి వెంట నుండెడిది. ఆట సాగుచుండగా చదువును విడువక, ఆమె సెయింట్ మేరీస్ కళాశాలలో చేరెను.

ఈ ఆటను ఎరుగని వారికొరకు రెండు మాటలు. టెన్నిస్ కోర్టు పొడవు 78 అడుగులు. నడుమనున్న వల మధ్యభాగమున 3 అడుగుల ఎత్తుండును. ఒక్కొక్కరు ఎదురెదురుగా ఆడినచో దానిని సింగిల్స్ అందురు. అప్పుడు కోర్టు వెడల్పు 27 అడుగులు. ఇద్దరిద్దరు జతకూడి ఆడినచో అది డబుల్స్. అప్పుడు వెడల్పు 36 అడుగులగును. స్త్రీపురుషులు జతగా ఆడునది మిక్స్‌డ్ డబుల్స్. ఏటేట మెల్బోర్న్, పారిస్, వింబుల్డన్, న్యూయార్కులలో జరుగు నాలుగు పెద్ద పోటీలకు గ్రాండ్ స్లాములని పేరు. సింగిల్స్‌లో పాదముల వేగమును, ఓపికయు ముఖ్యము. డబుల్స్‌లో ఈ రెంటితోబాటు తోడి ఆటకత్తె మనసెరిగి నడచుకొను నేర్పును కావలెను.

సానియాకు పూర్వము మన దేశమున టెన్నిస్ ఆడిన స్త్రీలు లేకపోలేదు. లీలా రావు 1934లో వింబుల్డన్‌లో ఒక పందెము గెలిచి, అక్కడ గెలిచిన మొదటి భారతస్త్రీ అనిపించుకొనెను. నిరుపమా వైద్యనాథన్ 1998లో ఆస్ట్రేలియా పోటీలో మొదటి పందెము నెగ్గెను. దారి పడినది గాని, దానివెంట చివరివరకు నడచినవారు లేరు.

మొదటి మజిలీ: బుసాన్, 2002

2002వ సంవత్సరమున ఆసియా క్రీడలు బుసాన్‌లో జరిగినవి. సానియాకు అప్పటికి పదునారేండ్లు నిండలేదు. అట్లాంటా ఒలింపిక్సులో పతకము గెలిచిన లియాండర్ పేస్ ఆమెకు మిక్స్‌డ్ డబుల్స్‌లో జోడుగా నిలిచెను. ఆ జంట కాంస్యపతకము గెలిచెను. మన యిండ్లలో "ఇంక పెద్దదానవైతివి" అని బాలికలను లోనికి పిలుచు ప్రాయముననే ఈ బాలిక దేశము పేరు ధరించి, పరదేశమున వేలాది జనుల యెదుట ఆడెను.

మరుసటి యేడు రెండు గెలుపులు వచ్చినవి. 2003 వింబుల్డన్ బాలికల డబుల్స్‌ను రష్యా దేశపు అలీసా క్లేబనోవాతో కలిసి గెలిచెను. ఆ యేడే హైదరాబాదులో జరిగిన ఆఫ్రో-ఆసియా క్రీడలలో నాలుగు స్వర్ణపతకములు పొందెను. నగరము ఆమెను తన బిడ్డగా గుర్తించినది అప్పుడే. 2004లో అర్జున పురస్కారము లభించెను.

2005వ సంవత్సరము ఆమె పేరును దేశమంతట వ్యాపింపజేసెను. జనవరిలో ఆస్ట్రేలియా పోటీలో మూడవ అంచె చేరి, సెరీనా విలియమ్స్ చేత ఓడెను. ఒక గ్రాండ్ స్లాము సింగిల్స్‌లో అంతవరకు చేరిన మొదటి భారతస్త్రీ ఆమెయే. ఫిబ్రవరిలో హైదరాబాదు ఓపెన్ తుదిపోటీలో ఉక్రెయిన్ దేశపు అల్యోనా బోండరెంకోను ఓడించి, అంతర్జాతీయ మహిళా టెన్నిస్ సంఘము వారి సింగిల్స్ బిరుదును గెలిచిన తొలి భారతస్త్రీ అయ్యెను. సెప్టెంబరులో న్యూయార్కు పోటీలో నాలుగవ అంచె చేరెను.

పేరుతోబాటు నిందయు వచ్చినది. కొందరు మతపెద్దలు ఆమె ఆటదుస్తులను ఆక్షేపించిరి. పత్రికలు ఆమె రాకెట్టుకన్న ఆమె అంగీమీది అక్షరములను గూర్చి ఎక్కువ వ్రాసినవి. పదునెనిమిదేండ్ల పిల్లకు ఇది చిన్న భారము కాదు. ఆమె ఆట మానలేదు. 2006లో భారతప్రభుత్వము పద్మశ్రీ బిరుదమిచ్చి గౌరవించెను.

రెండవ మజిలీ: సియోల్, 2006

సోదరీమణులు జ్ఞాపకముంచుకొనవలసిన పందెములలో ఇది యొకటి. స్విట్జర్లాండు దేశపు మార్టినా హింగిస్ ఒకప్పుడు ప్రపంచమున మొదటి స్థానము నధిష్ఠించిన ఆటకత్తె. 2006 సెప్టెంబరు మాసమున కలకత్తాలో జరిగిన పోటీ సెమీఫైనల్‌లో ఆమె సానియాను 6-1, 6-0 లెక్కతో ఓడించెను. ఆటనెరుగని వారికి ఈ లెక్కను ఇట్లు చెప్పవచ్చును: పదుమూడు ఆటలలో సానియా గెలిచినది ఒక్కటి. స్వదేశమున, స్వజనుల యెదుట కలిగిన పరాభవమది.

మరుసటి వారమే సియోల్‌లో కొరియా ఓపెన్ జరిగెను. అందు ఈ యిద్దరును మరల ఎదురుపడిరి. మొదటి సెట్టు హింగిస్ 6-4తో గెలిచెను. చూచువారు కలకత్తా కథయే మరల జరుగుననుకొని యుందురు. రెండవ సెట్టు సానియా 6-0తో గెలిచెను. మూడవది 6-4తో నెగ్గి, పందెమును తనది చేసికొనెను. కలకత్తాలో తనకు దక్కిన సున్నను ఆమె సియోల్‌లో తిరిగి అప్పగించెను.

ఓటమి తరువాత ఏడు దినములలో ఎవరి బలమును రెట్టింపు కాదు. తన లోపమును చూచుకొని, మరల అదే కోర్టులోనికి అడుగు పెట్టుటకు మనస్సు ఒప్పుకొన్నదా లేదా అన్నదే ప్రశ్న. పరీక్షలో తప్పిన పిల్లకును, వంట చెడి అత్తయింట మాటపడిన కోడలికిని కావలసినది అదే ధైర్యము. ఆటలవలన ఆడుపిల్లలకు కలుగు లాభములలో పతకము చాల చిన్నది. ఓడిపోయి మరల నిలుచుట అలవాటగుట అన్నిటికన్న పెద్దది.

ఆ యేటి డిసెంబరులో దోహాలో జరిగిన ఆసియా క్రీడలలో పేస్‌తో కలిసి స్వర్ణమును, సింగిల్స్‌లో రజతమును, జట్టు పోటీలో మరియొక రజతమును తెచ్చెను. 2007 ఆగస్టు 27వ తేదీన ప్రపంచ సింగిల్స్ వరుసలో 27వ స్థానము చేరెను. భారతస్త్రీలలో అంత ఎత్తునకు అంతకుముందు ఎక్కినవారు లేరు.

విడిచినది, పట్టుకొన్నది

ఆ మెట్టునుండి ఆమెను దింపినది ప్రత్యర్థులకన్న ఎక్కువగా ఆమె శరీరమే. 2008లో కుడిచేతి మణికట్టు చెడెను. బీజింగ్ ఒలింపిక్సులో సింగిల్స్ మొదటి పందెమును నడుమ విడిచిపెట్టవలసివచ్చెను. తల దువ్వుకొనుటకైన చేయి సహకరింపని దినములుండెనని ఆమెయే చెప్పుకొన్నది. బలమైన ఫోర్‌హ్యాండ్ దెబ్బకు పేరుపొందిన చేయి దువ్వెన పట్టలేకపోయెను! మొత్తము మీద ఒక మణికట్టునకును, రెండు మోకాళ్లకును శస్త్రచికిత్సలు జరిగినవి.

చికిత్స జరిగినను సింగిల్స్ ఆట ఏటేట కోరు శ్రమను ఆ మోకాళ్లు మోయలేకపోయినవి. ఇచ్చట ఆమె ముందు రెండు దారులుండెను: అంతయు మానివేయుట ఒకటి, అదే ఆటను పట్టుకొని క్రుంగిపోవుట రెండవది. ఆమె మూడవ దారి త్రొక్కెను. సింగిల్స్‌ను విడిచి, డబుల్స్‌ను పట్టుకొనెను. 2013లో, ఇరువదియారేండ్ల వయసున, ఇక సింగిల్స్ ఆడనని ప్రకటించెను. డబుల్స్ ఆమెకు కొత్త కాదు. 2009లో ఆస్ట్రేలియాలోను, 2012లో పారిస్‌లోను మహేశ్ భూపతితో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ గ్రాండ్ స్లాములు గెలిచియుండెను. అంతవరకు పెరటిచెట్టుగా నున్నదానినే ఇప్పుడు ఆమె ఇంటిముందటి వృక్షముగా పెంచెను.

ఇది ఓటమి యని ఆనాడు తలచినవారున్నారు. సింగిల్స్ రాణులకున్న కీర్తి, ధనము డబుల్స్ వారికి లేవు. కాని తన శక్తి ఎంతవరకో ఎరిగి, ఉన్నదానిని సంపూర్ణముగా వినియోగించుట ఓటమి యెట్లగును? సంసారము నడుపు స్త్రీలకు ఇది తెలియని విద్య కాదు.

మూడవ మజిలీ: ఇంచియాన్, 2014

2014 సెప్టెంబరు ఆమెకు పండుగ మాసము. న్యూయార్కులో బ్రెజిల్ దేశపు బ్రూనో సోరెస్‌తో మిక్స్‌డ్ డబుల్స్ గ్రాండ్ స్లామును, టోకియోలో జింబాబ్వే దేశపు కారా బ్లాక్‌తో డబుల్స్ బిరుదును గెలిచెను. ఆ మాసాంతమున ఇంచియాన్‌లో ఆసియా క్రీడలు జరుగుచుండెను. ఆసియా క్రీడలలో గెలిచినను ప్రపంచ వరుసలో లెక్కకు వచ్చు పాయింట్లు లభింపవు. ధనమును లేదు. వృత్తిక్రీడాకారిణికి అది నష్టమే. అయినను ఆమె దేశము కొరకు వెళ్లెను.

అచ్చట ఆమెకు మిక్స్‌డ్ డబుల్స్ జోడు మన తెలుగు యువకుడు సాకేత్ మైనేని. తుదిపోటీలో తైవాన్ జంటను 6-4, 6-3తో ఓడించి ఇద్దరును స్వర్ణపతకము పొందిరి. స్త్రీల డబుల్స్‌లో ప్రార్థనా థోంబరేతో కలిసి కాంస్యము గెలిచెను. బుసాన్‌లో పెద్దవాడైన పేస్ చేయూతనిచ్చి చిన్నపిల్లను నడిపించెను. పండ్రెండేండ్ల తరువాత ఇంచియాన్‌లో ఆమెయే తనకన్న అనుభవము తక్కువైనవారికి తోడుగా నిలిచెను. ఆసియా క్రీడలలో ఆమె గెలిచిన పతకములు మొత్తము ఎనిమిది. వానిలో మొదటిదియు, చివరి రెండును కొరియా నేలమీదనే లభించినవి.

తరువాతి కథ మరియు వింతయైనది. సియోల్‌లో తాను ఓడించిన మార్టినా హింగిస్‌తోనే ఆమె 2015 మార్చి మాసమున జతకట్టెను. ఎదుట నిలిచి పోరాడినవారిరువురును వల కొకప్రక్కనే నిలిచిరి. వరుసగా ఆడిన మొదటి మూడు పోటీలను గెలిచిరి. 2015 ఏప్రిల్ 13వ తేదీన సానియా డబుల్స్‌లో ప్రపంచమున మొదటి స్థానము నధిష్ఠించెను. భారతస్త్రీలలో ఆ పదవిని పొందినది ఆమెయే మొదట.

ఆ జూలైలో వింబుల్డన్ తుదిపోటీ జరిగెను. ఎదుట రష్యా దేశపు మకరోవా, వెస్నినా. మొదటి సెట్టు పోయెను. రెండవది కష్టముమీద దక్కెను. మూడవ సెట్టులో 2-5 వెనుకబడిరి. ఇంకొక్క ఆట పోయినచో కథ ముగియును. ఆ స్థితినుండి ఒక్కొక్క ఆటగా కూడబెట్టి 5-5 చేసిరి. అప్పటికి వెలుతురు తగ్గినందున పైకప్పు మూసి, దీపములు వెలిగించి ఆట సాగించిరి. 7-5తో మూడవ సెట్టును, వింబుల్డన్‌ను గెలిచిరి. పిమ్మట ఆ యేటి న్యూయార్కు బిరుదమును, 2016లో ఆస్ట్రేలియా బిరుదమును గెలిచిరి. వరుసగా 41 పందెములు ఓటమి యెరుగక ఆడిరి. సానియా మొత్తము 91 వారములు మొదటి స్థానమున నుండెను. 2015లో రాజీవ్ గాంధీ ఖేల్ రత్న, 2016లో పద్మభూషణము లభించినవి.

"స్థిరపడుట" అనగానేమి?

2016 జూలైలో ఆమె ఆత్మకథ వెలువడిన సందర్భమున ఒక ప్రసిద్ధ విలేఖరి ఆమెను, ఎప్పుడు స్థిరపడెదరు, మాతృత్వము మాట యేమి, అని టెలివిజనులో ప్రశ్నించెను. ఆమె అప్పటికి వివాహిత, ఆరు గ్రాండ్ స్లాములు గెలిచినది, ప్రపంచమున మొదటి స్థానమున నున్నది. తాను స్థిరపడలేదని మీకు తోచుచున్నదా యని ఆమె శాంతముగా ఎదురడిగెను. ఎన్ని గెలిచినను బిడ్డ పుట్టువరకు స్త్రీ జీవితము నిండదని లోకము తలచుచున్నదని చెప్పెను. పురుషక్రీడాకారుని ఇట్టి ప్రశ్న అడిగియుండనని ఒప్పుకొని, ఆ విలేఖరి అందరి యెదుట క్షమాపణ చెప్పెను.

ఆమె మాతృత్వమును తక్కువ చేయలేదు. అది ఎప్పుడన్నది తన నిర్ణయమని మాత్రమే చెప్పెను. 2018 అక్టోబరు 30వ తేదీన ఆమెకు కుమారుడు ఇజాన్ కలిగెను. ఆట అంతటితో సరియని పలువురు తలచిరి. ప్రసవానంతరము పెరిగిన బరువులో సుమారు 26 కిలోలు వ్యాయామముచేత తగ్గించి, 2020 జనవరిలో హోబార్టు నగరమున మరల కోర్టులోనికి వచ్చెను. తిరిగి వచ్చిన మొదటి పోటీలోనే ఉక్రెయిన్ దేశపు నాదియా కిచెనోక్‌తో కలిసి డబుల్స్ బిరుదు గెలిచెను.

తల్లులైన పిదప గెలిచినవారు ఇతరదేశములలోను కలరు. ఆస్ట్రేలియా దేశపు ఇవాన్ గూలగాంగ్ 1980లో వింబుల్డన్‌ను, బెల్జియము దేశపు కిమ్ క్లైస్టర్స్ 2009లో న్యూయార్కు పోటీని తల్లులైన తరువాత గెలిచిరి. చాలకాలము ఇట్టివారి పట్టుదలయే వారికి దిక్కు. క్రమముగా నియమములును మారినవి. ప్రసవమైన మూడేండ్లవరకు పూర్వపు స్థానమును చూపి పోటీలలో ప్రవేశించు సౌకర్యమును మహిళా టెన్నిస్ సంఘము 2018 డిసెంబరులో ప్రకటించెను. బిడ్డను కన్నందులకు స్త్రీ తన స్థానమును కోల్పోరాదను న్యాయము అట్లు అక్షరరూపము దాల్చెను. ఉద్యోగములు చేయు మన సోదరీమణులకు ఈ మాటలోని విలువ బాగుగ తెలియును.

సానియా చివరి డబుల్స్ బిరుదు 2021 సెప్టెంబరులో చెక్ దేశపు ఓస్ట్రావాలో లభించెను. అది 43వది. నాలుగు ఒలింపిక్సులలో ఆడినను పతకము దక్కలేదు. 2016లో రియో నగరమున రోహన్ బోపన్నతో కలిసి నాలుగవ స్థానమున ఆగిపోయెను. ఆ కొరత ఆమె చరిత్రమున మిగిలియే యున్నది.

2023 జనవరి 27వ తేదీన మెల్బోర్న్‌లో బోపన్నతో మిక్స్‌డ్ డబుల్స్ తుదిపోటీ ఆడి, బ్రెజిల్ జంట చేతిలో ఓడెను. పదునెనిమిదేండ్లకు పూర్వము సెరీనాను ఎదుర్కొన్న నగరమదియే. నాలుగేండ్ల కుమారుడు తన తల్లి గ్రాండ్ స్లాము తుదిపోటీ ఆడుట చూచుచుండెను. అటువంటి దినము వచ్చునని తాననుకొనలేదని చెప్పుచు ఆమె కంటనీరు పెట్టుకొనెను. ఫిబ్రవరి 21వ తేదీన దుబాయిలో తుదిసారి పోటీకి దిగెను. మార్చి 5వ తేదీన హైదరాబాదులోని లాల్ బహదూర్ స్టేడియమున స్వజనుల యెదుట వీడ్కోలు ఆట ఆడెను.

మన వాకిటికి వచ్చినచో

ఇంతటి చరిత్రము విని, "అది ధనికుల ఆట, నగరపు క్లబ్బుల ఆట, మన పిల్లలకేల?" అని మేడ్చల్‌లో ఒక తల్లి అడిగినచో, ఆ ప్రశ్నలో కొంత సత్యము లేకపోలేదు. టెన్నిస్ ఖర్చుతో కూడిన ఆట. రాకెట్టు, బంతులు, శిక్షకుని జీతము, ప్రయాణములు, ఇవి సామాన్య కుటుంబమునకు భారమే. సానియా తన పేర 2013లో నెలకొల్పిన శిక్షణాలయము నగరమునకు ఆవలివైపున, మొయినాబాదు ప్రాంతమున నున్నది. మేడ్చల్‌నుండి దినదినము పోయి వచ్చుట సులభము కాదు.

కాని ఆట యనగా టెన్నిస్ ఒక్కటియే కాదు. సికిందరాబాదునుండి శామీర్‌పేటకు పోవు దారిలోనే హకీంపేటలో ప్రభుత్వ క్రీడాపాఠశాల యున్నది. అందు నాలుగవ తరగతిలో బాలబాలికలను చేర్చుకొందురు. పరుగు, దూకుడు, బంతి విసరుట మొదలగు పరీక్షలు పెట్టి, శరీరశక్తిని చూచి ఎన్నుకొందురు. ఎన్నికైనవారికి చదువు, వసతి, భోజనము, శిక్షణ ప్రభుత్వమే ఇచ్చును. నాలుగవ తరగతి యనగా తొమ్మిదేండ్ల ప్రాయము. తొక్కుడుబిళ్ల ఆడు వయసది. ఆ వయసుననే తల్లి గమనింపవలెను: పిల్ల పరుగెత్తుటయందు ఆసక్తి చూపుచున్నదా, ఓడినప్పుడు ఏడ్చి ఊరకుండునా, మరల ఆడుదమని వచ్చునా?

క్రీడాపాఠశాలలో చేరకున్నను నష్టము లేదు. బడి మైదానమున సాయంకాలము ఒక గంట ఆడనిచ్చుట, పాలు, పప్పు, గ్రుడ్డు అన్నకు పెట్టినట్లే చెల్లెలికిని పెట్టుట, నెలసరి దినములను నెపముగా జేసి ఆట శాశ్వతముగా మాన్పకుండుట, దెబ్బ తగిలినప్పుడు దాచక వైద్యునకు చూపుట, పోటీకి పొరుగూరు పోవలసివచ్చినచో ఇంటివారిలో ఒకరు తోడు పోవుట. ఇవి ఏ యింటికిని మించినవి కావు. వీనితో ప్రతి పిల్లయు సానియా కాదు. అందు సందేహము లేదు. కాని బలమైన ఎముకలు, నిటారైన నడక, ఓటమికి బెదరని మనస్సు గల స్త్రీ అగును. అది ఏ యింటికైనను పెద్ద సంపద.

సానియా జీవితమున ఆట మూడుమారులు ఆగెను. శరీరము మొరాయించినప్పుడు సింగిల్స్ ఆగెను. బిడ్డను కోరుకొన్నప్పుడు కొంతకాలము అంతయు ఆగెను. చాలునని తోచినప్పుడు ముప్పదియారవ యేట సంపూర్ణముగా ఆగెను. ఈ మూడింటిని నిర్ణయించినది ఆమెయే. ఆమెకు పదుమూడేండ్లు వచ్చినప్పుడు ఆ నిర్ణయమును మరియొకరు తీసికొనియున్నచో, బుసాన్ లేదు, సియోల్ లేదు, ఇంచియాన్ లేదు. మన యిండ్లలోని పిల్లలకు మనము ఇవ్వగలిగినది రాకెట్టు కాకపోవచ్చును. ఆట ఎప్పుడు చాలించవలెనో తామే నిర్ణయించుకొనువరకు వారిని వాకిటినుండి లోనికి పిలువకుండుట మాత్రము మన చేతిలోని పని.